మళ్లీ అడిగే మనిషి



సిగరెట్ పెట్టె మీద ఉండే పుండు పడిన నోటి బొమ్మ అందరికీ తెలుసు. ఆ బొమ్మతో పాటు ఒక ఫోన్ నంబరు కూడా ఉంటుంది. 1800 11 2356. పొగాకు మానాలనుకునేవాళ్లకు సాయం చేసే నంబరు అది. డబ్బులు పడవు. 2018 సెప్టెంబరు నుంచి మన దేశంలో అమ్మే పొగాకు సరుకుల పెట్టెల మీద, ప్యాకెట్ల మీద దీన్ని అచ్చు వేస్తున్నారు. నేను ఛాతీ జబ్బుల ఓపీలో కూర్చుంటాను. వచ్చినవాళ్లను ఈ నంబరు ఎప్పుడైనా చూశారా అని అడుగుతుంటాను. చూడలేదనే చెబుతారు ఎక్కువమంది. అందులో వాళ్ల తప్పేమీ లేదు. మనవాళ్లు చాలామంది పెట్టె కొనరు. బడ్డీకొట్టు దగ్గర ఆగి ఒకటో రెండో విడిగా తీసుకుంటారు. కొట్టుకు వేలాడగట్టిన లైటరుతో అక్కడే వెలిగించుకుంటారు. పెట్టె, దాని మీది బొమ్మ, నంబరు అన్నీ కొట్టాయన దగ్గరే ఉండిపోతాయి. చుట్టలకైతే చాలా ఊళ్లలో పెట్టె అన్న మాటే లేదు. సంతలో కట్ట కొనుక్కుంటారు, లేదంటే ఆకు తెచ్చుకుని ఇంట్లోనే చుట్టుకుంటారు.

అందుకని ఆ నంబరును రేడియోలో చదివి వినిపించడం అవసరమనిపించింది. రాసుకోవాలనుకున్నవాళ్ల కోసం ఇంకోసారి, నెమ్మదిగా: 1800, తరవాత 11, తరవాత 2356.

ఈ పూట మాట్లాడబోయేది పొగాకు చేసే హాని గురించి కాదు. అది తెలియనివాళ్లు ఇప్పుడు లేరు. దగ్గుతూ దగ్గుతూ బీడీ వెలిగించే మనిషికి కూడా తెలుసు. మానాలని ఉన్నా మానలేకపోతున్నవాళ్లకు మన చుట్టుపక్కల ఏ సాయం ఉంది, అది ఎలా పనిచేస్తుంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నది నేటి సంగతి.

2016-17లో దేశమంతటా జరిగిన పొగాకు సర్వేలో, పొగ తాగేవాళ్లలో నూటికి 55 మంది మానే ఆలోచనలో ఉన్నామని చెప్పారు. అంటే మన ఎదుట పొగ వదిలే ఇద్దరిలో ఒకరు లోపల్లోపల మానాలనే అనుకుంటున్నారు. అదే సర్వేలో ఇంకో మాట కూడా తేలింది. ఆ ఏడాది డాక్టరు దగ్గరకో ఆరోగ్య కార్యకర్త దగ్గరకో వెళ్లిన పొగ తాగేవాళ్లలో, మానెయ్యమన్న సలహా అందింది సుమారు సగం మందికే. మిగతా సగానికి ఆ మాట చెప్పినవారే లేరు. చెప్పినచోట కూడా ఎలా చెబుతామో నాకు తెలుసు. బయట వరస పెరిగిపోతుంటుంది. "తాగుతావా? మానెయ్యి. నెక్స్ట్." ఓపీ చీటీ చేతికొస్తుంది. ఆయన మళ్లీ వచ్చినప్పుడు ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. ఆయనా గుర్తు చేయడు.

మళ్లీ అడగడం అనే చిన్న పనికి ఎంత విలువుందో చూపించిన పరిశోధన ఒకటుంది. 1979లో లండన్‌లో మైకేల్ రస్సెల్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు ప్రచురించారు. మామూలు వీధి డాక్టర్ల దగ్గరకు ఏదో ఒక జబ్బుతో వచ్చిన రెండువేల పైచిలుకు పొగ తాగేవాళ్లను నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఏమీ చెప్పలేదు. రెండో గుంపు చేత అలవాటు గురించి ప్రశ్నల కాగితం నింపించి ఊరుకున్నారు. మూడో గుంపుకు డాక్టరు ఒకటి రెండు నిమిషాలు మానమని చెప్పాడు. నాలుగో గుంపుకు ఆ మాటే చెప్పి, చిన్న కరపత్రం ఇచ్చి, "కొన్నాళ్లయ్యాక మిమ్మల్ని మళ్లీ అడుగుతాం" అన్నాడు. ఏడాది తరవాత లెక్క చూస్తే మొదటి గుంపులో పూర్తిగా మానినవాళ్లు వెయ్యికి ముగ్గురు. రెండో గుంపులో నూటికి 1.6. డాక్టరు చెప్పిన గుంపులో నూటికి 3.3. మళ్లీ అడుగుతామన్న గుంపులో 5.1.

అయిదంటే ఎంత, అనిపిస్తుంది. అందులో ఖర్చెంతో చూడండి. మందు లేదు, మాత్ర లేదు, గంటల కొద్దీ కౌన్సెలింగ్ లేదు. రెండు నిమిషాల మాట, ఒక కాగితం, మళ్లీ అడుగుతామన్న హామీ. ఒక పీహెచ్‌సీకి ఏడాదికి ఎన్ని వేలమంది వస్తారో లెక్కేసుకోండి. అందులో పొగ తాగే ప్రతి వందమందిలో అయిదుగురి ఇళ్లలో పొగ ఆగిపోయినట్టు. ఇంతకన్నా చవకగా మనుషుల ఆయుష్షు పెంచే పని మా వృత్తిలో ఇంకోటి నాకు కనబడలేదు.

ఇంతకీ మానడం అంత కష్టమెందుకు? పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. సూది మందు కూడా అంత త్వరగా పనిచేయదు. చేరి ఒక హాయినిస్తుంది. రెండు గంటలయ్యేసరికి రక్తంలో అది సగానికి పడిపోతుంది. అప్పుడు మెదడు మళ్లీ అడుగుతుంది. దీన్నే మనవాళ్లు నాలుక పీకేస్తోందంటారు, ఏమీ తోచడం లేదంటారు, పని మీద చెయ్యి ఆడటం లేదంటారు. మానేసిన మొదటి మూడు రోజులు ఇది బలంగా ఉంటుంది. విసుగు, కోపం, నిద్రపట్టకపోవడం, ఆకలి పెరగడం. రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. అయితే పీకుడు రోజంతా ఒకే తీరున ఉండదు. ఒక్కో విడత కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కొద్ది నిమిషాలు గడిపేయగలిగితే, ఆ విడతకు అది పోయినట్టే. మానినవాళ్లు ఎక్కువగా తిరిగి మొదలుపెట్టేది మొదటి వారంలోనే. సరిగ్గా ఆ వారంలోనే వాళ్లను పలకరించేవారు ఉండరు. ఏ జ్వరానికైనా మూడోనాడు రమ్మంటాం. పొగాకు మాన్పించేటప్పుడు మాత్రం ఆ మూడోనాటి పిలుపు మరిచిపోతాం.

ఫోన్ నంబరు వెనక ఉన్న ఏర్పాటు ఈ లోటు పూడ్చడానికే. 2016లో ఢిల్లీలోని వల్లభాయ్ పటేల్ ఛాతీ వైద్య సంస్థలో మొదలైంది. తరవాత ముంబయి, గువాహటి, బెంగళూరు కేంద్రాలు కూడా చేరాయి. బెంగళూరులో నిమ్హాన్స్ వాళ్లు దక్షిణాది భాషల్లో మాట్లాడతారు, తెలుగు సంగతి అక్కడే చూస్తారు. ఫోన్ చేస్తే ముందు ఏ భాష కావాలో అడుగుతారు. తరవాత కౌన్సెలర్ లైన్‌లోకి వస్తారు. ఎన్నాళ్లుగా అలవాటు, రోజుకు ఎన్ని, ఇంతకు ముందు ఎప్పుడైనా మానారా, ఎందుకు మళ్లీ మొదలైంది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, వేరే జబ్బులేమైనా ఉన్నాయా అని అడుగుతారు. అన్నీ విన్నాక ఫలానా రోజు నుంచి మానతానని మీ చేతే ఒక తేదీ చెప్పిస్తారు. తరవాతిది ముఖ్యం. ఆ తేదీ వచ్చాక వాళ్లే మీకు ఫోన్ చేస్తారు. మళ్లీ మళ్లీ చేస్తారు. గుట్కా, ఖైనీ, జర్దా నమిలేవాళ్లు కూడా ఇదే నంబరుకు చేయొచ్చు.

మాట్లాడటానికి మొహమాటపడేవాళ్లకు ఇంకో దారి ఉంది. 011 22901701కు ఒక మిస్డ్ కాల్ ఇస్తే చాలు. మానడానికి పనికొచ్చే సందేశాలు ఫోన్‌కు వస్తాయి.

ఫోన్ కాకుండా మనిషి ఎదురుగా కూర్చుని చెప్పేచోట్లు కూడా ఉన్నాయి. 2002లో దేశం మొత్తానికి 13 పొగాకు మాన్పించే క్లినిక్‌లతో ఇది మొదలైంది. 2007-08లో జాతీయ పొగాకు నియంత్రణ కార్యక్రమం వచ్చాక జిల్లాలకు పాకింది. ఇప్పుడు జిల్లా ఆసుపత్రిలో, మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో, డెంటల్ కాలేజీలో అడిగితే దారి చూపిస్తారు. బీపీ, షుగరు చూసే ఎన్‌సీడీ క్లినిక్‌లోనూ ఈ మాట అడగొచ్చు. తెలంగాణలో బస్తీ దవాఖాన, పల్లె దవాఖాన, ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్ అందరికీ దగ్గరే. టీబీ మందులు వాడేవాళ్లయితే మందులిచ్చేచోటే చెప్పాలి. పొగ మానకపోతే టీబీ మందు పనిచేయడం మందగిస్తుంది, నయమైనవాళ్లకు తిరగబెట్టే ముప్పూ పెరుగుతుంది.

పొగాకు మాన్పించే గదిలో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. ఓ తాపీ మేస్త్రీ వచ్చాడు. వయసు నలభై అయిదు దాటి ఉంటుంది. ఆయాసమని వస్తే ఛాతీ ఎక్స్‌రే తీశారు, అక్కడ నుంచి మా దగ్గరకు పంపారు.

"ఎన్ని కాలుస్తావు మేస్త్రీ?"

"ఎంతండీ, కట్ట పడుద్ది రోజుకి."

"పొద్దున మొదటిది ఎప్పుడు?"

"లేచీ లేవంగానే. అది పడకపోతే దొడ్డికే రాదండి."

ఈ మాటను నవ్వి కొట్టిపారేసేవాళ్లున్నారు. నవ్వకూడదు. నికోటిన్ పేగును నిజంగానే కదిలిస్తుంది. మానిన మొదటి వారాల్లో మలబద్ధకం రావడం తెలిసిన సంగతే. ఆ మనిషి అబద్ధం చెప్పడం లేదు. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లు రెండు గ్లాసులు, రాత్రి భోజనమయ్యాక అరటిపండు, ఆకుకూర, అవసరమైతే కొన్నాళ్లు మెత్తబడే మందు. అదేమంత చిన్న సలహా కాదు. దొడ్డికి రాకనే నాలుగోనాడు మళ్లీ బీడీ వెలిగించినవాళ్లు ఎందరో ఉన్నారు.

పొద్దున మొదటిది ఎప్పుడన్న ప్రశ్న కూడా ఊరికే అడిగింది కాదు. నిద్ర లేచిన అరగంట లోపే వెలిగించేవాడికి నికోటిన్ పట్టు బలంగా ఉన్నట్టు. రోజుకెన్ని అన్న ప్రశ్న కన్నా ఇది ఎక్కువ చెబుతుంది. ఇలాంటివాళ్లకు ఉత్త మాట చాలదు, మందు కావాలి. తరవాత ఒక చిన్న మీటరులోకి ఊదమన్నాం. ఊపిరి బిగబట్టి, నెమ్మదిగా, చివరిదాకా. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో ఆ మీటరు చూపిస్తుంది. పొగ తాగనివారికి అంకె చాలా తక్కువ వస్తుంది. మేస్త్రీకి 22 వచ్చింది, ఎర్ర దీపం వెలిగింది. "ఇది నా లోపలిదేనా?" అని మీటరును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఊపిరితిత్తి పాడైతే మళ్లీ మునుపటిలా కాదు. ఈ అంకె మాత్రం ఒక రోజంతా మానితే చాలు, మామూలుకు వచ్చేస్తుంది. మానిన ఫలితాన్ని మర్నాడే కంటికి చూపించే పరికరం ఇంకోటి లేదు. ఇంగ్లండులో 1999 నుంచి ఊరూరా పెట్టిన పొగ మాన్పించే క్లినిక్‌లలో వారం వారం ఇదే ఊదిస్తారు. మన దగ్గర అన్ని చోట్లా ఈ మీటరు లేదు. ఉండాలి. దీని వెల మనం కొంటున్న చాలా యంత్రాల ముందు ఏపాటిది?

నికోటిన్ గమ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. దీన్ని తప్పుగా వాడి, పనిచేయలేదని పారేసినవాళ్లు చాలామంది. ఇది పేరుకు గమ్మే కానీ పిల్లలు నమిలే చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే నికోటిన్ అంతా లాలాజలంతో కడుపులోకి పోతుంది. ఎక్కిళ్లు, గుండెల్లో మంట వస్తాయి, కావలసిన పని జరగదు. నెమ్మదిగా నాలుగైదుసార్లు నమలాలి. మిరియం నమిలినట్టు నోట్లో చురుకు తగలగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. ఆ చురుకు పోయాక మళ్లీ కాస్త నమిలి, ఈసారి రెండో బుగ్గన పెట్టుకోవాలి. ఇలా అరగంట. వాడే ముందు పావుగంటా, నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, మజ్జిగ, నిమ్మరసం, కూల్‌డ్రింకులు ముట్టకూడదు. పులుపు తగిలితే నికోటిన్ నోటి చర్మంలోంచి లోపలికి ఎక్కదు. మన మేస్త్రీలకు, ఆటోవాళ్లకు టీ తాగగానే బీడీ కావాలి. గమ్ కూడా టీ తాగగానే నోట్లో వేసుకుంటారు. అక్కడే చెడుతుంది. లేవగానే వెలిగించేవాళ్లకు 4 మిల్లీగ్రాములది, మిగతావాళ్లకు 2 మిల్లీగ్రాములది. పెద్దదానికి డాక్టరు చీటీ ఉండాలి. రోజుకు ఎన్ని, ఎన్నాళ్లు అన్నది చెప్పించుకుని వాడాలి, మూడు నెలల్లో నెమ్మదిగా తగ్గించుకుంటూ ఆపాలి. చర్మానికి అంటించుకునే ప్యాచ్‌లున్నాయి. బుప్రోపియాన్, వరెనిక్లిన్ అనే మాత్రలున్నాయి. అవి డాక్టరు చూసి ఇచ్చేవే. గర్భిణులు, ఈ మధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు సొంతంగా కొనుక్కోకూడదు. గమ్‌లో ఉన్నదీ నికోటినే కదా అని కొందరికి అనుమానం. ఉన్నది నికోటినే. కానీ పొగలోని తారు, కార్బన్ మోనాక్సైడ్, క్యాన్సర్ తెచ్చే పదార్థాలు అందులో లేవు. మనిషిని చంపేవి అవి. 2022లో మన జాతీయ అత్యవసర మందుల జాబితాలో నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్సను కూడా చేర్చారు.

మేస్త్రీ వారం బాగా ఉన్నాడు. ఆ తరవాత ఒకచోట స్లాబు వేశారు. తెల్లవారుజామున మొదలైన పని చీకటిపడేదాకా సాగింది. అందరూ కూర్చుని టీ తాగుతుంటే ఎవరో బీడీ అందించారు. ఒకటి కాల్చాడు, ఇంకోటి కాల్చాడు. మర్నాడు మా కౌన్సెలరమ్మ ఫోన్ చేస్తే నిజం చెప్పేశాడు. "మళ్లీ అడగరనుకున్నానండి" అన్నాడు. ఆమె తిట్టలేదు. ఎక్కడ, ఎవరితో, ఎన్ని గంటలకు అని రాసుకుంది. స్లాబు పని ఉన్న రోజు గమ్ రెండు ఎక్కువ దగ్గర ఉంచుకోమంది, టీ అయ్యాక నోరు పుక్కిలించి పావుగంట ఆగి వేసుకోమంది, పక్కవాళ్లకు ముందే చెప్పమంది. తేదీ మళ్లీ పెట్టించింది. మరుసటి వారం మీటరులో 4 వచ్చింది.

ఒకటి కాల్చినంత మాత్రాన అయిపోయినట్టు కాదు. అది పక్కింటి అన్నయ్య చెబితే వింటారో లేదో గానీ, అడగాల్సినవాళ్లు అడిగి, తేదీ మళ్లీ పెడితే వింటారు.

ఇప్పుడు ఉత్తరాంధ్ర సంగతికి వస్తాను. ప్రపంచానికి పాఠం నేర్పిన పని ఒకటి మన శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో జరిగింది. మనలో చాలామందికి అది తెలియదు.

అక్కడి ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఎప్పటి నుంచో ఉంది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఎందుకమ్మా ఇలా అంటే కారణాలు చెబుతారు. గాలికి ఆరిపోదు. నిప్పురవ్వ చీర మీద, చంటిదాని మీద పడదు. చుట్ట ఎక్కువసేపు వస్తుంది. పంటినొప్పి తగ్గుతుంది. మా అమ్మ ఇలాగే కాల్చేది. కష్టజీవుల బతుకులోంచి వచ్చిన కారణాలే అన్నీ. కానీ ఆ నిప్పు వేడి, పొగ నేరుగా తగిలేది అంగిలికి. టార్చిలైటు వేసి చూస్తే అంగిలి తెల్లగా పాలిపోయి, దాని మీద చిన్న చిన్న ఎర్రచుక్కలు కనిపిస్తాయి. కొందరిలో అది పుండు అవుతుంది, పుండు క్యాన్సరవుతుంది. విశాఖ ప్రాంతంలో ఇలా వచ్చే అంగిలి క్యాన్సర్ గురించి ఖానోల్కర్, సూర్యాబాయి అనే పరిశోధకులు 1945లోనే అంతర్జాతీయ వైద్య పత్రికలో రాశారు.

1966లో ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంత పరిశోధన విభాగం దేశంలో ఐదు జిల్లాల్లో నోటి సర్వే మొదలుపెట్టింది. అందులో శ్రీకాకుళం ఒకటి. ఒక్కో జిల్లాలో పదివేల మందికి అటూ ఇటూగా, ఇంటింటికీ వెళ్లి నోళ్లు చూశారు. శ్రీకాకుళంలో చూసినవాళ్లలో నూటికి నలభైకి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. ఫలీ మెహతా, డెన్మార్క్ నుంచి వచ్చిన యెన్స్ పిండ్‌బోర్గ్, తరవాత ప్రకాశ్ గుప్తా ఈ పనికి పేరు తెచ్చినవాళ్లు. క్యాన్సర్లను లెక్కపెట్టి ఊరుకోలేదు వాళ్లు. అలవాటు మాన్పిస్తే నోరు బాగుపడుతుందా అని చూడాలనుకున్నారు. శ్రీకాకుళం, కేరళలో ఎర్నాకుళం, గుజరాత్‌లో భావ్‌నగర్ జిల్లాల్లో కలిపి 36 వేలమంది పొగాకు వాడేవాళ్లను తీసుకున్నారు. ఏడాదికోసారి ఇంటికి వెళ్లడం, నోరు పరీక్షించడం, అక్కడే గుమ్మంలో కూర్చుని మాట్లాడటం. అయిదేళ్ల ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఇలా మాట చెప్పించుకున్నవాళ్లలో, అంతకుముందు ఊరికే గమనించిన గుంపు కన్నా ఎక్కువమంది మానారు. పొగాకు మానినవాళ్ల నోటిలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు కొత్తగా రావడం తగ్గింది.

అప్పటికి నికోటిన్ గమ్ మన ఊళ్లలోకి రాలేదు. ఫోన్లు లేవు. అక్షరం రాని పల్లెల్లో, తరాలుగా వస్తున్న అలవాటు మీద పనిచేసింది ఏమిటంటే, ఏటేటా అదే గుమ్మం తొక్కి అదే ప్రశ్న అడిగిన మనిషి. ఆ పనిని ఇవాళ చేయగలిగింది ఆశా కార్యకర్త. ఆమెకు ఇల్లు తెలుసు, ఇంటి మనుషులు తెలుసు. అటువైపు ఓ ఊళ్లో ఒక ఆశా పిల్లకూ, ముసలామెకూ మధ్య నేను విన్న మాటలు చెబుతాను.

"మామ్మా, ఇయ్యాల ఎన్ని కాల్చీసినావు?"

"ఏటే, మొన్నే కదే అడిగినావు!"

"మొన్న నాలుగన్నావు. ఇయ్యాల మూడయినాయా లేదా?"

"మూడే. నోరు చూస్తావేటి, చూడు!"

ముసలామె నోరు తెరిచింది. పిల్ల సెల్‌ఫోన్ లైటు వేసి అంగిలి చూసింది. ఏ పోస్టరూ చేయని పని అది.

ఈ పనికి ఆశా కార్యకర్తకు సమయం ఎక్కడిది అన్నది న్యాయమైన ప్రశ్నే. గర్భిణుల లెక్క, టీకాల లెక్క, బీపీ, షుగరు, టీబీ, ఫోన్లో నింపాల్సిన యాప్‌లు, ఇవన్నీ ఆమె నెత్తిమీదే ఉన్నాయి. మనసుంటే చేస్తారులే అని ఆమె మీదే వదిలేయడం సరికాదు. ఆమె పనికి ఇచ్చే ప్రోత్సాహకంలో దీన్నీ చేర్చాలి. జిల్లా కేంద్రాల్లో కౌన్సెలర్ ఉద్యోగాలు ఖాళీగా ఉండకూడదు. గమ్ ఉందని చీటీ రాసి, మందుల కౌంటరు దగ్గర లేదనిపించుకున్న మనిషి రెండోసారి రాడు. కొన్నిచోట్ల అలా జరుగుతోంది. బోర్డు పెట్టిన ప్రతి గదిలో రెండు నెలలకు సరిపడా మందు నిల్వ ఉండాలి.

పొగాకుతో మన నేలకున్న బంధం సంగతి కూడా మరిచిపోలేం. పొగాకు బోర్డు 1976 నుంచి గుంటూరులో ఉంది. ప్రకాశం, నెల్లూరు, గోదావరి ప్రాంతాల్లో బ్యారన్ల మీద బతికే కుటుంబాలు ఎన్నో. నిజామాబాద్, కరీంనగర్ వైపు బీడీలు చుట్టి పిల్లల్ని చదివించిన తల్లులు ఎందరో. వాళ్లను దోషులుగా నిలబెట్టే మాట నేను అనను. ఆకు కోసేవాళ్లకు, బీడీలు చుట్టేవాళ్లకు కూడా ఆ పొడి, ఆ నికోటిన్ ఒంటికి పడుతూనే ఉంటుంది. వాళ్లకు వేరే బతుకుతెరువు చూపించడం ప్రభుత్వం పెద్ద ఎత్తున చేయాల్సిన పని. అది అయ్యేదాకా బీడీ కార్మికుల ఆసుపత్రుల్లో కూడా మాన్పించే కౌన్సెలర్ ఉండాలన్నది చిన్న కోరిక.

"ఈ వయసులో మానితే ఏం లాభం డాక్టరుగారూ?" అని అడిగేవాళ్లకు ఒక లెక్క చెబుతాను. బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, తోటివాళ్లు 34 వేలకు పైగా మగ డాక్టర్లను 1951 నుంచి యాభై ఏళ్లపాటు గమనించారు. 2004లో వచ్చిన ఫలితాల ప్రకారం జీవితాంతం పొగ తాగినవాళ్లు తాగనివాళ్ల కన్నా సుమారు పదేళ్లు ముందు పోయారు. ముప్ఫయ్యో ఏట మానినవాళ్లకు ఆ పదేళ్లూ దాదాపు తిరిగొచ్చాయి. నలభైలో మానినవాళ్లకు తొమ్మిదేళ్లు, యాభైలో ఆరేళ్లు, అరవైలో మూడేళ్లు. అరవై ఏళ్ల తాతకు మూడేళ్లంటే, మనవరాలు ఇంటర్ పాసయ్యే రోజుకు ఆయన ఇంట్లో ఉండటం. పైగా ఆ మూడేళ్లు ఆయాసంతో మంచం పట్టకుండా.

ఇంట్లోవాళ్లకు రెండు మాటలు చెప్పి ముగిస్తాను. ఆయన మానతానని తేదీ పెట్టుకుంటే ముందు రోజు రాత్రే ఇంట్లో ఉన్న అగ్గిపెట్టె, లైటరు, మిగిలిన బీడీలు, బూడిద రాల్చే గిన్నె తీసేయండి. చొక్కా జేబు, బండి డిక్కీ, దిండు కింద కూడా చూడండి. మొదటి వారం కోపంగా మాట్లాడితే అది నికోటిన్ లేక వచ్చిన కోపమని గుర్తుంచుకుని ఓర్చుకోండి. పిల్లల ముందు పరువు తీసే మాట అనకండి. మూడోనాడు, ఏడోనాడు తప్పకుండా అడగండి. కాల్చానని చెబితే, నిజం చెప్పినందుకు మంచిదే అనుకుని, అదే పూట కొత్త తేదీ పెట్టించండి. కాల్చలేదని చెబితే ఆ డబ్బులు ఎక్కడ పెడుతున్నాడో అడగండి, ఒక డబ్బాలో వేయించండి. పొగాకు మాన్పించే ఫోన్‌కు ఇంటి మనిషి తరఫున మీరూ చేసి సలహా అడగొచ్చు. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతారు, సోమవారం సెలవు. మాట్లాడేటప్పుడు ఆయన పక్కనే ఉంటే ఇంకా మంచిది. రోజుకెన్ని, పొద్దున మొదటిది ఎప్పుడు అన్న రెండు సంగతులు ముందే కాగితం మీద రాసుకుని ఫోన్ తీయండి.